ముప్పై ఒకటో డిస్ట్రిక్టూ మా బామ్మ తద్దినమూ

మా నాన్న ఏటా మా బామ్మ తద్దినం పెట్టిన మర్నాడు కారు తీసుకుని ఒక్కరే వెళ్లిపోయేవారు. పొద్దున్నే లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, ఓ అరటిపండు కోటు జేబులో పెట్టుకుని బయల్దేరితే మళ్లీ రాత్రి భోజనాల వేళకే రావడం. "ఎక్కడికి నాన్నా?" అంటే "పాత పేషెంట్లని ఓసారి పలకరించి వస్తానమ్మా" అనేవారు. ఆ పాత పేషెంట్లలో చాలామంది కాలం చేశాక కూడా అదే జవాబు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు. నా సంసారం, నా ఉద్యోగం, మావాడి సాకర్ ప్రాక్టీసులు నాకు సరిపోయేవి. పెద్దాయన ఏడాదికొకరోజు ఎటో తిరిగొస్తే వచ్చిన నష్టమేమిటి అనుకునేదాన్ని.

నాన్న పోయి ఏడాది దాటింది. నిరుడు బామ్మ తిథి ఏటిసూతకంలో గడిచిపోయింది. ఈ ఏడు తిథి వచ్చేసరికి పెట్టేవాళ్లు లేరు. నాకు అన్నదమ్ములు లేరు. మా అబ్బాయి కార్తీక్ కూతురి కొడుకు హోదాలో తాతయ్య ఆబ్దికం పెట్టాడు, ఆ వచ్చీరాని తెలుగుతోనే. అదే గొప్ప. బామ్మ తిథినాడు అమ్మ ఒంటిపూట భోజనం చేసి, ఫోటోకి దణ్ణం పెట్టుకుని ఊరుకుంది. మర్నాడు పొద్దున నేను మేడ దిగేసరికి స్వెటర్ వేసుకుని, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని సోఫాలో సిద్ధంగా కూర్చుని ఉంది.

"కారు తియ్యవే" అంది.

"ఎక్కడికమ్మా పొద్దున్నే?"

"మీ నాన్న వెళ్లే చోటికి. ఆఫీస్‌కి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పు."

"ఆ పాత ఊరికా? నాలుగు గంటల డ్రైవ్ అమ్మా. నీ మోకాళ్లు చూసుకోవద్దూ?"

"నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాగానీ నువ్వు కారు తియ్యి."

అమ్మ అలా అన్నదంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు. వర్జీనియాలో మేముండే హెర్న్‌డన్ ట్రాఫిక్‌లోంచి బయటపడి దక్షిణానికి తిరిగాం. దారంతా అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను మాత్రం అమ్మకి తెలియకూడని సంగతి ఒకటి కడుపులో పెట్టుకుని డ్రైవ్ చేస్తున్నాను. అది ఈమధ్యే నాకు తెలిసింది. దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను. ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి.

నా చిన్నతనం గడిచింది కార్వర్స్ బెండ్ అనే ఊళ్లో. నది వంకర తిరిగే చోట ఒక వీధి, ఒక కోర్టు, ఒక ఫైర్ స్టేషన్, ఒక బట్టల మిల్లు, చుట్టూ కనుచూపు మేర వేరుశనగ చేలు. ఆ చోటు ఆ రాష్ట్రపు శాసనసభలో ముప్పై ఒకటో డిస్ట్రిక్ట్. మన లెక్కలో అసెంబ్లీ నియోజకవర్గం. ఇప్పుడు మ్యాప్‌లో వెతికితే ముప్పై ఒకటనే అంకె ఉంది గానీ, అది రాష్ట్రం రెండో కొసన ఏదో కొత్త సబర్బ్ మీద కూర్చుని ఉంది. అంకె బతికింది, డిస్ట్రిక్ట్ పోయింది. మనిషి పోతే తద్దినం పెడతారు, నియోజకవర్గం పోతే ఎవరు పెడతారు? పేరు తలుచుకునేవాళ్లయినా ఉండాలి కదా. ఆ పని నాకు పడింది.

ఆ డిస్ట్రిక్ట్ అంటే మా కౌంటీ మొత్తం, నదికి అవతలున్న కౌంటీలో సగం. ఇంతే. దానికి ఎన్నో ఏళ్లుగా ఒక్కడే ప్రతినిధి, మిస్టర్ విట్‌లో అనే ఆయన. పశువుల దాణా అమ్మే కొట్టు ఆయనది. మనిషి తాటిచెట్టంత పొడుగు, పుగాకు నమిలి నమిలి పళ్లన్నీ గోధుమ రంగు. మా నాన్న మెడికల్ కాలేజీలో చేరకముందు నుంచే ఆయన రాజధానికి వెళ్లి వస్తున్నాడట. వెళ్లి చేసిందేమిటయ్యా అంటే, చెయ్యెత్తి హాస్పిటల్ చూపించేవాడు. ఎర్ర ఇటుకల చిన్న హాస్పిటల్. రాష్ట్రం డబ్బులు పంచే కమిటీలో ఆయన కూర్చున్నన్నాళ్లూ దానికి ఏటా రావాల్సింది వచ్చేది. ఆ భవనానికి పక్కవైపు ఇంకో గుమ్మం ఉండేదట, నల్లవాళ్లు వెళ్లడానికి. మేం వచ్చేసరికి దాన్ని ఇటుకలతో మూసేశారు. కొత్త ఇటుక రంగు పాత ఇటుకలో కలవక, ఆ గుమ్మం ఆకారం అలాగే కనపడుతూ ఉండేది.

అలాంటి ఊరికి ఈ దేశపు డాక్టర్లు ఎవరూ రారు. అందుకని మా నాన్నని రప్పించారు. చదివింది సర్జరీయే అయినా అక్కడ అన్నీ ఆయనే. అపెండిక్స్ ఆయనే తియ్యాలి, కాన్పులు ఆయనే చెయ్యాలి, కోత మిషన్‌లో పడి నలిగిన వేళ్లు ఆయనే కుట్టాలి. ఫోన్ మోగితే చాలు అన్నం ముందునుంచి లేచేవారు. హాస్పిటల్ మా ఇంటికి ఎంత దగ్గరంటే, అమ్మ పోపు పెడితే నాన్న ఆపరేషన్ థియేటర్ కిటికీ దగ్గర తుమ్మేవారని నర్సు ఎర్లీన్ వేళాకోళం చేసేది. ఎర్లీన్ ఆ ఊరి నల్లావిడ. నాన్న పక్కన కత్తులూ కత్తెరలూ అందించేది, ఎన్నికలొస్తే ఫైర్ స్టేషన్‌లో వోటింగ్ కూడా తనే నడిపేది. అమ్మకి కారు డ్రైవ్ చెయ్యడం నేర్పిందీ ఆవిడే. నన్ను "బేబీ" అనేది. నాకు చెల్లెలో తమ్ముడో పుట్టేదాకా ఆ పేరు నాదేనని ఒప్పందం.

నాన్న, అమ్మ పౌరసత్వం తీసుకున్నాక మొదటిసారి వోటు వేసిన రోజు నాకు బాగా గుర్తు. అమ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టింది. ఫైర్ స్టేషన్‌లో ఎర్ర ఇంజన్లని బయట నిలబెట్టి, లోపల వోటింగ్ మిషన్ పెట్టారు. లీవర్ లాగితే పరదా మూసుకుంటుంది. ఎర్లీన్ నన్ను కూడా అమ్మతోపాటు పరదా లోపలికి తోసింది. అమ్మ బొట్టు సరిచేసుకుని, గుళ్లో గంట కొట్టినంత భక్తిగా ఓ మీట కిందికి నొక్కింది. బయటికొచ్చాక "ఎవరికేశావమ్మా?" అని అడిగాను. "హాస్పిటల్‌కి" అంది.

ఇంక మా బామ్మ సంగతి. నాన్న ఒక్కడే కొడుకు. బామ్మ పోయినప్పుడు టెలిగ్రాం అంది, టికెట్ దొరికి, రాజమండ్రి చేరేసరికి అంతా అయిపోయింది. కొరివి ఎవరో వరసకి తమ్ముడు పెట్టాడు. ఆ మాట నాన్న ఎప్పుడూ ఎత్తేవారు కాదు గానీ, తద్దినం విషయంలో మాత్రం ఆయన మొండితనం చూస్తే ఆ బాకీ తీరుస్తున్నారని ఎవరికైనా అర్థమయ్యేది. మాఘమాసం వస్తోందంటే మా ఇంటి వాతావరణమే మారిపోయేది. తద్దినానికి క్యాబేజీ, క్యారెట్ లాంటివి పనికిరావు. పనికొచ్చేవేమో ఆ ఊళ్లో దొరకవు. నాన్న కిరాణా కొట్టువాడితో ముందే చెప్పి పచ్చి అరటిపళ్లు పక్కన పెట్టించేవారు, అరటికాయ కూరకి. "పండాక తీసుకెళ్లొచ్చు కదా డాక్టర్" అని వాడు ప్రతి ఏడూ అనేవాడు. అమ్మ ముందురోజే చీర తడిపి, బాత్‌రూంలో ఎవరికీ తగలకుండా ఆరేసి తలుపు గడియ పెట్టేది. మర్నాడు ఆ మడిచీర కట్టుకుందంటే నేను ఆవిడకి ఆమడ దూరంలో ఉండాల్సిందే. మినప్పప్పు రుబ్బిన వాసన, నువ్వులు వేయించిన వాసన, నెయ్యి, అల్లం. ఇల్లంతా కమ్మగా ఉండేది, ఎవ్వరూ నవ్వేవారు కాదు.

పురోహితుడు ఎక్కడ దొరుకుతాడు ఆ వేరుశనగ చేలల్లో? రాజమండ్రిలో మా ఇంటి పురోహితుడు మంత్రాలన్నీ చదివి క్యాసెట్‌లో పంపించాడు. "ఇక్కడ మీ గోత్రం చెప్పు బాబూ... ఊఁ, ఇప్పుడు నీళ్లు వదులు... తొందరేం లేదు బాబూ, నేను ఆగుతాను" అని ఆయన ఆగిన చోటల్లా వెనకాల రిక్షా బెల్లు, ఎవరో పిల్లాడి ఏడుపు. నాన్న పంచె కట్టుకుని, ఒంటిమీద ఉత్తరీయంతో దక్షిణం వైపు తిరిగి టేప్ రికార్డర్ ముందు కూర్చునేవారు. రోజు నిర్ణయించే పని మాత్రం అమ్మది. అమ్మ వాళ్ల నాన్న, మా తాతయ్య, ప్రతి ఉగాదికీ ఓడ తపాలాలో గంటల పంచాంగం పంపేవాడు. అది వచ్చేసరికి ఎండాకాలం అయ్యేది. అమ్మ అందులో బామ్మ తిథి చూసి గోడమీది క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ కుంకుమతో సున్నా చుట్టేది. పంచాంగంలో మంగళవారం అంటే మాకూ మంగళవారమే. అందులో అనుమానించాల్సింది ఏముంటుంది?

అలాంటి రోజుల్లో జనాభా లెక్కలు తేలాయి. మిల్లు మూతపడి కుర్రాళ్లంతా పట్నాలకి పోయారు. ముప్పై ఒకటో డిస్ట్రిక్ట్‌లో ఉండాల్సినంత మంది లేరు. అలా తగ్గినప్పుడు గీతలు మళ్లీ గీస్తారు. కొత్త గీత ఎటు గియ్యాలన్నదే తగాదా. పక్క కౌంటీలో మిగిలిన సగం కూడా కలిపి మా డిస్ట్రిక్ట్‌ని బతికించొచ్చు. లేదా ముక్కలు చేసి చుట్టుపక్కల మూడింటికి పంచొచ్చు. పంచితే మిస్టర్ విట్‌లో సీటు పోతుంది. ఆయన సీటు పోతే కమిటీలో హాస్పిటల్ గురించి నోరెత్తేవాడుండడు. ఇదంతా నాకు ఆ వయసులో ఎలా తెలుసంటే, మా వరండాలో కూర్చుని ఆయన అమ్మ పెట్టిన పకోడీలు తింటూ నాన్నతో మాట్లాడుతుంటే నేను అక్కడే బొమ్మలేసుకుంటూ ఉన్నాను.

"గీతలు గీసే కమిటీ మన కోర్టుకే వస్తోంది డాక్టర్. జనం మాట వింటారట. నా మాట ముప్పై ఏళ్లుగా విని విని వాళ్లకి విసుగు పుట్టింది. నేను మాట్లాడితే నా కుర్చీ కోసం అంటారు. నువ్వు మాట్లాడు. ఈ రోడ్డు మీద నువ్వు లేకపోతే ఎవరెవరు ఇవాళ బతికి ఉండేవాళ్లు కాదో చెప్పు. చాలు."

నాన్న అసలే నోట్లో నాలుక లేని మనిషి. అయినా సరేనన్నారు. వారం పాటు అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో ప్రాక్టీస్ చేశారు. తర్వాత కమిటీ వచ్చే రోజు తెలిసింది. మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి. అమ్మ గోడ వంక చూసింది. కుంకుమ సున్నా ఆ మంగళవారం చుట్టూనే ఉంది.

పొద్దున్నే తద్దినం పెట్టేసి వెళ్లిపోవచ్చు కదా అంటారు. కుదరదు. తద్దినం మధ్యాహ్నం దాటాకే పెట్టాలి. ఎర్లీన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాపం ఎంతో నెమ్మదిగా అడిగింది. "మీ అమ్మగారి రోజు ఒక్కరోజు ముందుకో వెనక్కో జరపలేరా డాక్టర్ రావ్? మా ఈస్టర్ తేదీ కూడా ప్రతి ఏడూ అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది కదా."

"ఎప్పుడు జరుపుకోవాలో మనం అనుకునేది కాదు ఎర్లీన్. ఆ వేళకి ఆవిడ వస్తుంది. నేను లేకపోతే వెనక్కి వెళ్లిపోతుంది. ఒకసారి నేను లేను. మళ్లీ లేకపోవడం నావల్ల కాదు" అన్నారు నాన్న.

కమిటీ నాలుగింటి దాకా ఉంటుందట. రెండున్నరకల్లా ముగించి మూడింటికి కోర్టులో ఉంటానన్నారు నాన్న. సూటు ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించారు.

ఆ రోజు సన్నగా వాన. అమ్మ వంట అంతా వేళకే అయింది. నాన్న వేళకే కూర్చున్నారు. సగంలో ఉండగా టేప్ రికార్డర్ కీచుమని ఆగిపోయింది. తీసి చూస్తే క్యాసెట్ లోపలి టేపంతా చక్రాలకి చుట్టుకుని ఉంది. నాన్న దర్భ ఉంగరం ఉన్న వేలితో దాన్ని ముట్టుకోకూడదాయె. అమ్మ మడిలో ఉంది. ఇంక మిగిలింది నేను. పెన్సిల్ పెట్టి మెల్లిగా తిప్పుతూ, తెగకుండా ఒక్కో మడతా విప్పాను. నాన్న గడియారం వంక చూడలేదు. చూడనని ఒట్టు పెట్టుకున్నట్టు నేల వంకే చూస్తున్నారు. మళ్లీ పెట్టాక కూడా పంతులుగారి గొంతు కాస్త సాగి, ఒక్కో మాటా బరువుగా వచ్చింది. "తొందరేం లేదు బాబూ, నేను ఆగుతాను" అన్న మాట ఎంతసేపు సాగిందో.

అప్పుడే ఎర్లీన్ వచ్చింది. నేను తలుపు తీశాను. నర్సు బట్టల్లోనే ఉంది, గొడుగు లేదు. "బేబీ, మీ నాన్నని పిలు. జనం పల్చగా ఉన్నారని వాళ్లు తొందరగా లేచేలా ఉన్నారు" అంటూ గుమ్మంలోంచి లోపలికి చూసింది. చొక్కా లేకుండా, జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని, ఎదురుగా ఆకులో మూడు అన్నం ముద్దలతో నాన్న. ఆయన తలెత్తి ఆవిడ వంక చూశారు. నోరు విప్పకూడదు. చెయ్యి కొంచెం పైకెత్తారు, ఆగమనో, వెళ్లమనో. ఎర్లీన్ తడి బూట్లు విప్పి పక్కన పెట్టి, చర్చిలో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని అక్కడే కాసేపు నిలబడింది. తర్వాత బూట్లు చేత్తో పట్టుకునే మెట్లు దిగి వానలో వెళ్లిపోయింది.

నాన్న ముగించి, భోజనం మాట ఎత్తకుండా సూటు వేసుకుని పరుగెత్తారు. నన్నూ తీసుకెళ్లారు. మేం వెళ్లేసరికి కోర్టు హాల్లో ఒకతను ఇనప కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తున్నాడు. కమిటీ వెళ్లిపోయింది. మిస్టర్ విట్‌లో ఒక్కడూ ముందు వరసలో టోపీ మోకాలికి తగిలించుకుని కూర్చుని ఉన్నాడు. నాన్నని చూసి లేచి, భుజం మీద చెయ్యి వేసి, "మీ అమ్మగారి పని బాగా జరిగిందా?" అని అడిగాడు. దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. ఆయన తిట్టినా బాగుండేది. తర్వాత ఎర్లీన్ ద్వారా తెలిసింది, హాస్పిటల్ తరఫున ఎవరైనా వచ్చారా అని కమిటీ పెద్ద రెండు మూడుసార్లు అడిగాడట. హాల్లో ఎవ్వరూ మాట్లాడలేదట.

నాన్న మాట్లాడి ఉంటే గీత మారేదా అంటే నేను చెప్పలేను. రాజధానిలో పెన్సిల్ పట్టుకున్నవాళ్లు ముందే గీసుకుని వచ్చారేమో. కానీ నాన్న అలా అనుకోలేదు. డిస్ట్రిక్ట్‌ని మూడు ముక్కలు చేశారు. నది ఒడ్డున ఎర్లీన్ వాళ్లుండే పేట ఒకరికి, మిల్లు వీధి ఇంకొకరికి, చేలన్నీ మూడోవాడికి. ఆ ముగ్గురు ప్రతినిధుల్లో ఒక్కడు కూడా కార్వర్స్ బెండ్‌లో రాత్రి పడుకున్న పాపాన పోలేదు. మిస్టర్ విట్‌లో దాణా కొట్లో కూర్చునేవాడు, వచ్చినవాళ్లందరికీ హాస్పిటల్ గురించే చెప్పేవాడు. ఏడాది తిరిగేసరికి హాస్పిటల్‌కి రావాల్సింది ఆగిపోయింది. మొదట కాన్పుల వార్డు, తర్వాత థియేటర్, ఆఖరికి ముందు గుమ్మం. నాన్న మిల్లు వీధిలో ఒక గది తీసుకుని జ్వరాలకీ దగ్గులకీ మందులు రాసేవారు. ఆపరేషన్ చేసే చేతులవి.

అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. నేనింక బేబీ పేరు వదులుకోవడానికి సిద్ధపడ్డాను. వేరుశనగ కోతల కాలం. మధ్యాహ్నం నేను స్కూల్ బస్ దిగి వచ్చేసరికి అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది, చీర నిండా రక్తం. నాన్న పరుగెత్తుకొచ్చి పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. ఏం జరుగుతోందో, ఏం చెయ్యాలో, ఎంతసేపట్లో చెయ్యాలో ఆయనకి పూర్తిగా తెలుసు. ఆ ఇటుక భవనం మా వంటింటి కిటికీలోంచి కనపడుతూనే ఉంది, గొలుసూ తాళంకప్పా వేసి. అమ్మని కారు వెనక సీట్లో పడుకోబెట్టి, ఎర్లీన్ ఒళ్లో తల పెట్టించి, గంటకి పైగా దూరం ఉన్న పెద్ద హాస్పిటల్‌కి బయల్దేరారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. దారి నిండా వేరుశనగ బళ్లు. ఒక్కోటి తప్పుకునేదాకా నాన్న వెనకే ఆగాలి. ఆయన హారన్ కొట్టడం కూడా మర్చిపోయారు. "సుభద్రా, సుభద్రా" అని అమ్మ పేరు పిలుస్తూనే ఉన్నారు. పిల్లల ఎదుట ఆయన అమ్మని పేరుతో పిలవడం నేను వినడం అదే మొదలు.

అమ్మ దక్కింది. తమ్ముడు దక్కలేదు. చిన్న బిడ్డలని దహనం చెయ్యకూడదు, పూడ్చాలి. ఎక్కడ పూడుస్తాం? ఎర్లీన్ వాళ్ల చర్చి వెనక పెకాన్ చెట్ల కింద వాళ్లు చోటిచ్చారు. పాస్టర్ ఏం చదవమంటారని అడిగితే నాన్న తల అడ్డంగా ఊపారు. ఆయన దగ్గర క్యాసెట్ ఉన్నది తల్లికే, కొడుక్కి లేదు. ఆ చలికాలంలోనే మేం ఆ ఊరు వదిలేశాం.

ఇప్పుడు నా కడుపులో సంగతి. ఈమధ్య నాన్న ఆబ్దికం రోజు కనుక్కుందామని గుళ్లో శాస్త్రిగారికి ఫోన్ చేశాను. ఇండియా పంచాంగం యాప్ చూసి నేనే ముందుగా మంగళవారమా అని అడిగాను.

"కాదమ్మా, మనకి సోమవారం" అన్నారు. "తిథి అక్కడా ఇక్కడా ఒకేసారి నడుస్తుంది. గడియారాలే వేరు. వాళ్లకి మంగళవారం సాయంత్రం తిథి వెళ్లిపోతుంటే మనకింకా మంగళవారం పొద్దున్నే. మధ్యాహ్నానికి ఇక్కడ తిథే ఉండదు. ముందురోజు మధ్యాహ్నమే పెట్టాలి. పాతకాలంలో వచ్చినవాళ్లంతా పాపం ఇండియా పంచాంగమే చూసి మర్నాడు పెట్టేవారు. ఎవరు చెప్పొచ్చారు వాళ్లకి?"

కోర్టుకి కమిటీ వచ్చిన ఆ ఏడు మాఘమాసంలో మా బామ్మ తిథి చూసి చెప్పమన్నాను. కంప్యూటర్‌లో ఏదో నొక్కిన చప్పుడైంది. "ఆ ఏడూ అంతేనమ్మా. ఇక్కడివాళ్లకి సోమవారమే. ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నారు. ఏం లేదండీ, ఊరికే అని ఫోన్ పెట్టేశాను. సున్నా చుట్టింది అమ్మ. ఈ వయసులో ఆవిడకి ఆ మాట ఎవరు చెబుతారు? నేను చచ్చినా చెప్పకూడదనుకున్నాను.

కార్వర్స్ బెండ్ చేరేసరికి పదకొండు దాటింది. దాణా కొట్టు లేదు. మిల్లు లేదు. హాస్పిటల్ ఉంది గానీ దాని చుట్టూ కంచె వేసి, జనం పాత సామాన్లు దాచుకునే గదులుగా అద్దెకిస్తున్నారు. ఎర్లీన్ కూడా ఇప్పుడు ఆ పెకాన్ చెట్ల కిందే ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, తడుముకోకుండా తిన్నగా ఆ చిన్న రాయి దగ్గరికి నడిచింది. రాయి మీద పేరు లేదు. చుట్టూ గడ్డి మాత్రం ఎవరో ముందటేటి దాకా పీకుతూ వచ్చిన జాడ తెలుస్తోంది. అమ్మ వంగలేక నా చేత నాలుగు పూలు పెట్టించింది. "వీడుంటే మీ నాన్న తద్దినం వీడు పెట్టేవాడు" అంది.

తర్వాత కోర్టు దగ్గరికి తీసుకెళ్లమంది. ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ కాసేపు మోకాళ్లు రాసుకుని, ఆ మెట్ల వంక చూస్తూ అంది.

"శాస్త్రిగారు నీకు ఫోన్‌లో చెప్పింది నాకు వినపడిందే. నువ్వు స్పీకర్ పెట్టుకునేగా మాట్లాడతావు."

నేను అమ్మ వైపు తిరిగాను.

"నాకేం కొత్త కాదులే. వర్జీనియా వచ్చాక గుడి కట్టి పురోహితుణ్ణి తెచ్చారు చూడు, అప్పుడే తెలిసింది మీ నాన్నకి. గుళ్లోంచి వచ్చి గరాజ్‌లో కారు దిగకుండా కూర్చుండిపోయారు. ఏమైందండీ అని నేను వెళ్తే చెప్పారు. పంచాంగం చూసింది నేను కదే. నన్ను ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్లలో ఒక్కనాడు అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది."

"మరి ఇక్కడికొచ్చి ఏం చేసేవారమ్మా?"

"ముందు వాడి దగ్గరికి. తర్వాత ఈ బెంచీ మీద నాలుగింటిదాకా. ఇంటికొచ్చాక నేను కాఫీ ఇస్తే ఒకటే మాట. 'ఆ రోజు నాకు ఏ పనీ లేదు సుభద్రా' అని. ఏటా అదే మాట. 'ఆ రోజు నేను ఖాళీయే' అని."

అమ్మ ఏడవలేదు. నేనే ఏడ్చాను. అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టిష్యూ తీసిచ్చి, నా భుజం మీద బరువు వేసి లేచింది. వద్దమ్మా అంటున్నా వినకుండా కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. లోపల ఆ హాలు అలాగే ఉంది, కుర్చీలే మారాయి. పక్క గదిలోంచి ఒక అమ్మాయి, ఇరవై పాతికేళ్లుంటాయేమో, మెడలో ఐడీ కార్డుతో వచ్చి ఏం కావాలని అడిగింది. అమ్మ పమిట సర్దుకుని, ఆ రోజుల్లో నాన్న అద్దం ముందు పలికినట్టు ఒక్కో ఇంగ్లీషు మాటా విడివిడిగా పలుకుతూ చెప్పింది.

"మేం హాస్పిటల్ తరఫున వచ్చాం. కొంచెం ఆలస్యమైంది."

ఆ అమ్మాయి అమ్మ వంకా నా వంకా చూసి, ఎంతో మర్యాదగా, "ఏ హాస్పిటల్ అండీ?" అని అడిగింది.